అరుగుకు రెండో పంపకం

నంద్యాల పాత బజారులో పొద్దునపూట మా తోడికోడలి అరుగు ముందు నిలబడితే ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు కడుపు మండేది. ఆమె చేసే ఉగ్గాని వాసనకు కాదు, ఆ ఉగ్గాని చుట్టూ చేరే మనుషులను చూసి. ఇత్తడి సామాన్ల అంగడి ముసలాయన, బడికి పోయే టీచరమ్మలు, కోర్టు గుమాస్తాలు, కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో ఊర్లకు తిరిగిపోయే ఆడవాళ్లు, అందరూ ఆ రాతి అరుగు మీద వరసగా కూర్చుని పేపరు ప్లేట్లలో తింటూ, లేవాలన్న ధ్యాసే లేకుండా మాట్లాడుకునేవాళ్లు. పక్కనే నా గాజుల అంగడి. షట్టరు ఎత్తి, ఊదుబత్తి వెలిగించి, స్టూలు మీద కూర్చుని నేను వాళ్ల వీపులు చూస్తూ ఉండేదాన్ని.

ఉగ్గాని అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకునేరు. బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లితే అయిపోయింది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నేనూ చేస్తాను. మా ఆయన నేను చేసింది తిని, "బాగుండాదే" అని మూతి తుడుచుకుని, వీధిలోకి పోయి ఆమె అరుగు మీద ఇంకో ప్లేటు తినేవాడు. అట్లాంటి మనిషితో కాపురం చేశాను నేను. నా ఓర్పు ఎవరికి తెలుసు!

ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. మా బావగారి భార్య. మాది ఒకే ఇల్లు, మామగారి తాతల నాటి మిద్దె. అత్తగారు పోయాక అన్నదమ్ములిద్దరూ దాన్ని నిలువునా చీల్చుకున్నారు. ముందున్న పొడుగాటి రాతి అరుగు కూడా సగం సగం అయింది. ఆమె సగానికి నట్టనడి వీధి వచ్చింది, నా సగానికి మూల వచ్చింది. మా ఆయన ఆలస్యం చేయలేదు. రెండు సగాలకు మధ్య అడ్డగోడ లేపి, ముందుకు రేకులు దించి, షట్టరు బిగించి నాకు గాజుల అంగడి పెట్టించాడు. అప్పట్లో వీధి అంతా అదే పని చేస్తోంది. అరుగు అంటే ఊరికే పడి ఉన్న జాగా, దాన్ని అంగడిగా మార్చుకున్నవాడు తెలివైనవాడు. మా బావ మాత్రం "చేద్దాంలే, చేద్దాంలే" అంటూనే పోయాడు. పాపం మంచివాడు. ఆయన పోయాక అక్క ఆ మొండి అరుగు మీదే పొయ్యి పెట్టుకుంది. షట్టరు వేయించుకునే తాహతు లేక మిగిలిన అరుగు అది. ఆమెను చూసి నేను జాలిపడేదాన్ని. ఒకరిని చూసి జాలిపడటంలో ఎంత హాయి ఉంటుందో చెప్పలేను. ఆ హాయి నాకు ఎక్కువ కాలం దక్కలేదు.

ఎందుకంటే మనుషులు ఆమె దగ్గరికే వచ్చారు. నా అంగడికి వచ్చేవాళ్లు గాజుల కోసం వచ్చేవాళ్లు, కొనుక్కుని పోయేవాళ్లు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు ఆమె కోసం వచ్చేవాళ్లు. ఎవరికి పెళ్లి కుదిరిందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, సంజామల మెట్ట చేలలో వాన పడిందో లేదో, అన్నీ ముందు ఆ అరుగుకు తెలిసి, తర్వాత గోడ ఇవతలికి నాకు వినపడేవి. సగం సగం. మిగతా సగం కోసం నేను చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. నాకు కావలసింది ఆమె బేరం కాదు. నా ముందు కూడా మనుషులు అట్లా చేరగిలబడి కూర్చోవాలి. అంతే. ఇంత చిన్న కోరిక దేవుడు ఎందుకు తీర్చడో అర్థమయ్యేది కాదు.

నంద్యాల జిల్లా అయ్యాక ఊరు బస్టాండు వైపు పరుగెత్తింది. అద్దాల అంగళ్లు, ఏసీ బట్టల షాపులు అన్నీ అటే. పాత బజారులో సాయంత్రమైతే షట్టర్లు ముందే దిగిపోతున్నాయి. అప్పుడు వచ్చారు వీళ్లు, పాత బజారును మళ్లీ నిలబెడతామంటూ. మునిసిపాలిటీ తరఫున ఒక ప్లానర్ మేడం, ఆమె వెంట కాలేజీ పిల్లలు. మేడందీ చిన్న వయసే, కత్తిరించిన జుట్టు, నూలు చీర, భుజాన గోనెసంచి లాంటి సంచి. వీధి వీధంతా తిరిగి, తలుపుల మీది చెక్కడాలు, మిద్దెల అంచులు, మూసేసిన బావి, అన్నీ ఫోటోలు తీసుకున్నారు. వీధి వాళ్లు కలిసి కూర్చుని ఏం కావాలో చెబితే దాన్ని బట్టే బొమ్మ గీస్తామన్నారు. మమ్మల్ని అడిగి మా వీధి బాగుచేసేవాళ్లను చూడటం అదే మొదలు. అందరం సత్రం హాలుకు పోయాం.

నేల మీద దుప్పటంత కాగితం పరిచారు. మా వీధి దాని మీద గీసి ఉంది, ఇంటింటికీ గీత. మేడం చెప్పింది: "మీకు ఏ చోట కాసేపు కూర్చోవాలనిపిస్తుందో అక్కడ ఎర్ర చుక్క అంటించండి. ఏది తీసేస్తే వీధి బాగుంటుందనిపిస్తుందో అక్కడ నల్ల చుక్క." చెప్పి సంచి వెతుక్కుంది. చుక్కల స్టిక్కర్లు తేవడం మరిచిపోయిందట.

నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. "ఒక్క నిమిషం మేడం, నా అంగట్లో బొట్టుబిళ్లలు ఉండాయి. ఎర్రవి ఉండాయి, నల్లవి ఉండాయి" అని పరుగెత్తికెళ్లి రెండు డబ్బాలు తెచ్చిచ్చాను. అందరూ నవ్వారు, మేడం చప్పట్లు కొట్టింది. నా మొహం వెలిగిపోయింది. వీధిలో మూల అంగడి నాది, రెండు దారులు కలిసే చోటు. ఎర్రబొట్లు నాకు రాక ఎవరికి వస్తాయి?

ఒక్కొక్కరే వంగి అంటించి వచ్చారు. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. ఇత్తడి అంగడి ముసలాయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, అక్క అరుగు మీద ఎర్రబొట్టు పెట్టాడు. టీచరమ్మ అక్కడే. గుమాస్తా అక్కడే. చివరికి ఆ అరుగు గీసిన చోట కాగితమే కనబడకుండా పోయింది. నా అంగడి మీద కూడా బొట్లు పడ్డాయి. నల్లవి. రేకుల మీద కొన్ని, షట్టరు మీద కొన్ని. నా డబ్బాలోవి, నేను ఉచితంగా ఇచ్చినవి, నా మీదే అంటించారు.

మేడం ఆ ఎర్రటి కుప్ప ముందు కూర్చుని అడిగింది. "ఇది ఎవరిది?"

అక్క వెనక వరసలో నుంచి లేచి, కొంగు సర్దుకుంటూ, "నాదేనమ్మా. ఏమన్నా తప్పా?" అంది.

"తప్పు కాదమ్మా. మీ వీధి అంతా ఇక్కడే ఉంది" అంది మేడం.

తను జారిపడినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవరో. ఆ మాట కనిపెట్టినదానికి దండం పెట్టాలి. అయితే అక్క నవ్వను కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ రోజు నేను బతికిపోయేదాన్ని, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. "మేము కష్టపడి కట్టుకున్నది ఆక్రమణంట. ఆమె ఏమీ చేయకుండా గమ్మునున్నది గొప్పంట" అని మా ఆయన మీద పడ్డాను. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "నేను కూడా ఆడనే పెట్టినా ఎర్రబొట్టు" అన్నాడు. ఆ పెరుగు గిన్నె ఆయన నెత్తిన ఎందుకు కుమ్మరించలేదో నాకిప్పటికీ తెలియదు.

ప్లాను తయారైంది. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒకప్పుడున్న రాతి అరుగు మళ్లీ తెరవాలి. రేకులు, షట్టర్లు తీసి పాత గోడ దగ్గరికి జరగాలి. కాలువ మీద బండలు పరిచి, సాయంత్రం బండ్లు రాకుండా వీధిని నడిచేవాళ్లకు వదలాలి. ఎండ పొద్దునా సాయంత్రం ఎక్కడ పడుతుందో చూసి చెట్లు నాటాలి. సామాను లోపలి గదిలో పెట్టుకుని పగలంతా అరుగు మీద అమ్ముకోవచ్చు. బలవంతం లేదు, అందరూ ఒప్పుకుంటేనే పని మొదలు. మొదట్లో అందరూ గొణిగారు. బేరాలు బస్టాండు వైపు పోయాక ఎట్లాగూ పోయేది ఏముందని ఒక్కొక్కరే మెత్తబడ్డారు. నేను మెత్తబడలేదు. షట్టరు పోతే నా అంగట్లో మిగిలేది మంచం పట్టేటంత గది. నా అంగడి నాకు కావాలి.

వీధి పెద్దలు నా స్టూలు చుట్టూ చేరారు. "నీ ఒక్కదాని షట్టరు కోసం వీధి పని ఆగిపోయిండాది కదమ్మా" అన్నాడు ఇత్తడి అంగడి ముసలాయన.

"ఆగనీ పెదనాయనా. నల్లబొట్టు పెట్టినప్పుడు తెలీదా?"

"నేను పెట్టలేదమ్మా."

"ఎర్రది మాత్రం పెట్టినావ్ గదా, ఆడ!"

ఇంత వయసు మనిషిని అట్లా అన్నందుకు నాకేం బాధ కలగలేదు. మా ఆయన ఇంట్లో నాతో మాట్లాడటం మానేశాడు. అది కూడా ఒకందుకు ప్రశాంతంగానే ఉండింది.

నన్ను ఒప్పించింది వాళ్లెవరూ కాదు, ఒక బొమ్మ. మేడం ఒకరోజు తనే వచ్చి నా ముందు ఒక కాగితం చుట్ట విప్పింది. పని అయ్యాక వీధి ఎట్లా ఉంటుందో రంగుల్లో గీసి తెచ్చింది. అక్క అరుగు దగ్గర మనుషులు కూర్చున్నారు, అది నాకు తెలిసిందే. అయితే నా మూల కూడా ఉంది అందులో. షట్టరు లేదు. అరుగు మీద గాజుల స్టాండు, పక్కనే నేను, అంటే నాలాంటి ఒక లావాటి మనిషి, ఎవరో పిల్ల చేతికి గాజులు తొడుగుతున్నాను. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. ఇద్దరు నవ్వుతున్నారు. ఒకామె పాపకు పాలిస్తోంది. నేను ఆ బొమ్మను చాలాసేపు చూశాను. అందులో నా ముందు కూర్చున్నవాళ్లు లేచి పోయేవాళ్లలాగా లేరు.

"రాళ్లు మాత్రం మా అన్న దగ్గర నుంచే రావాల" అన్నాను. "ఆళ్లగడ్డ నుంచి. వేరే ఎవరివి పెట్టినా నేను ఒప్పుకోను."

మా అన్న ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. హైవే పక్కన రేకుల షెడ్డు, ముందు వరసగా సగం చెక్కిన దేవుళ్లు. బస్సు దిగేసరికే ఉలి చప్పుడు వినపడుతుంది. నేను పోయేసరికి అన్న తల, మీసం, కనురెప్పలు అన్నీ రాతి పొడితో తెల్లగా ఉన్నాయి.

"ఏంది పాపా, చెప్పకుండా వచ్చినావ్? అందరూ బాగుండారా?"

"బాగానే ఉండారు, నేనే బాగలేను" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. చెప్పి నా కోరిక బయటపెట్టాను. "నా సగానికి అంచు పొడుగునా లతలు చెక్కాల. స్తంభం పెట్టి పూలు చెక్కాల. నా అరుగు పక్కన ఆమెది ఇంటి వెనక బట్టలుతికే బండ మాదిరి కనపడాల."

అన్న నవ్వి నవ్వి దగ్గాడు. "కూచునే రాయి మీద లతలు చెక్కితే చీరలు చినుగుతాయి పాపా. నీ దగ్గరికి గాజులకొచ్చినోళ్లు తిట్టుకుంటా పోతారు."

"నీది రాయి గుండెలే" అన్నాను అలిగి. అన్న ఉలి అందుకుని, అంచు కింద, ఎవరికీ తగలని చోట, తామర రేకుల వరస ఒకటి తీస్తానన్నాడు. దానికే సంతోషపడి వదిన పెట్టిన అన్నం తిని బస్సెక్కాను.

షట్టరు ఊడదీసిన పొద్దున్న నేను గాజుల డబ్బాలన్నీ లోపలి గదిలోకి చేర్చి గుమ్మంలో నిలబడ్డాను. రేకులు కోసేటప్పుడు ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. ఆఖరి రేకు కింద పడగానే వెలుతురంతా ఒక్కసారి లోపలికి వచ్చింది. నా గది ఎంత చిన్నదో, గోడలు ఎంత నల్లగా పొగచూరి ఉన్నాయో వీధంతా చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయాను. బొమ్మను నమ్మి ఇల్లు కూలగొట్టుకున్నానని భయం పుట్టింది. రేపటి నుంచి నా ముందు ఎవరూ కూర్చోకపోతే, నాకు వీపులు చూసుకోవడానికి స్టూలు కూడా లేదు.

అన్న లారీలో రాళ్లతో దిగాడు. దిగినవాడు నా వైపు రావాలా వద్దా? తిన్నగా అక్క అరుగు దగ్గరికి పోయి గొంతుక్కూర్చుని ఆ పాత బండల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. "ఈ నునుపు చూడు పాపా. ఇన్నేండ్లు మనుషులు కూచుంటే వచ్చింది. మిషను పెట్టినా రాదు" అన్నాడు. తర్వాత, "అక్కా, ఉగ్గాని ఉండాదా?" అని అడిగాడు. అక్కా! నా తోడబుట్టినవాడు! ఒక ప్లేటు తిని, "ఇంకో రెండు బజ్జీలు ఎయ్యక్కా" అని ఇంకోసారి పిలిచాడు. పుట్టింటివాడు కూడా అటు పోయాక ఇంక ఎవరిని అనుకుని లాభం?

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, పని బాగా చేశాడు. అడ్డగోడ తీసేసి, తన రాళ్లు మా మూల దాకా పరిచేసరికి, అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు మళ్లీ ఒకటైంది. మధ్యలో గీత లేదు. అక్కడే చిక్కొచ్చింది. గోడ లేదు కాబట్టి ఎవరిది ఎంతవరకో ఇప్పుడు తెలియదు. నేను అడ్డంగా ఒక తాడైనా కట్టమన్నాను. మేడం వద్దంది. ఇద్దరూ మాట్లాడుకోమంది.

అప్పుడు అక్క, వీధి పెద్దలందరూ నిలబడి ఉండగా, "కలిసిపోయిండాది కదా, మళ్లా పంచుకుందాం" అంది. "పెద్దదాన్ని నేను పంచుతా. చిన్నదానివి నువ్వు ఎంచుకో."

మా వైపు పంపకాలంటే ఇదే పద్ధతి. పెద్దవాడు భాగాలు చేస్తాడు, ముందు ఎంచుకునే హక్కు చిన్నవాడిది. పంచేవాడికి ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి సమంగా పంచుతాడు. మా బావ, మా ఆయన ఇల్లు పంచుకున్నదీ అట్లాగే. దీన్ని ఎవరూ కాదనలేరు. పెద్దలు తలూపారు.

అక్క లోపలి నుంచి గిన్నెలో ముగ్గుపిండి తెచ్చి అరుగు మీద అడ్డంగా గీత వేసింది. నేను కళ్లార్పకుండా చూశాను. గీత నడుమ పడలేదు. తన పాత చోటు వైపు ఎక్కువ వదిలింది. గోడ గూళ్లు అటే వచ్చాయి, వీధి కుళాయి అటే, ఎదురుగా ఎత్తు మిద్దె అటే. మూల వైపు మిగిలింది చిన్న భాగం, అన్న కొత్తగా పరిచిన రాళ్లు, ఎదురుగా సందు.

ఆహా, అనుకున్నాను. ఎంత నంగనాచివి! ఇన్నాళ్లు ఇక్కడే అంగడి పెట్టుకున్నాను కాబట్టి నేను నా మూలే కోరుకుంటానని దీని లెక్క. నా అన్న చేసిన రాళ్లు వదలనని ధీమా. అందుకే పెద్దది తన పక్కకు గీసుకుంది, ధర్మంగా పంచినట్టు పేరూ వస్తుంది. ఊరంతా మంచిదని మోసే మనిషి అసలు రంగు నా ఒక్కదానికే కనపడింది. నాకు పండగలాగా అనిపించింది.

"నాకు నడిమి భాగం కావాల" అన్నాను, వీధంతా వినపడేటట్టు. "నీ పాత చోటు."

అందరూ అక్క వైపు చూశారు. ఇత్తడి అంగడి ముసలాయన "అయ్యో, ఆమె పొయ్యి ఆడుండాది కదమ్మా" అన్నాడు. నేను పట్టించుకోలేదు. పద్ధతి పద్ధతే. అక్క గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, "సరేలే, తీసుకో" అంది. పొయ్యి ఎత్తుకుని మూలకు పోయింది. ఆమె పొయ్యి కడుక్కుంటుంటే నేను ఆమె పాత బండల మీద గాజుల స్టాండు నిలబెట్టి, చాప వేసి, మహారాణిలా కూర్చున్నాను.

వీధి తెరిచాక నేను అనుకున్నట్టు జరగలేదు, కానీ అనుకున్నది జరిగింది. పొద్దున మనుషులు అలవాటు కొద్దీ నా దగ్గరికే వచ్చి, "ఉగ్గాని లేదా?" అని అడిగి, "ఆ మూలన" అని నేను పళ్లు కొరుక్కుంటూ చెప్పాక అటు పోయేవాళ్లు. అయితే ప్లేటు పట్టుకుని మళ్లీ ఇటే వచ్చేవాళ్లు! మూలన ఎండ. ఎదురు సందులో నుంచి తూర్పు ఎండ తిన్నగా అక్క నెత్తిన పడేది. నా వైపు ఎత్తు మిద్దె నీడ. నేను ఇన్నేళ్లు రేకుల కింద కూర్చున్నదాన్ని, మూలన ఎండ పడుతుందన్న సంగతే నాకు తెలియలేదు. తిన్నవాళ్లు నీడన కూర్చునేవాళ్లు, చేతులు నా పక్కనున్న కుళాయి దగ్గర కడుక్కునేవాళ్లు, కడుక్కున్న ఆడవాళ్లు స్టాండు వైపు చూసేవాళ్లు. "ఈ పచ్చ గాజులు నా సైజుకు ఉంటాయా అక్కా?" అని అడిగేవాళ్లు. పిల్లలను నా చాప మీద పడుకోబెట్టేవాళ్లు. ఎవరి కోడలు అలిగిందో ఇప్పుడు ముందు నాకే తెలిసేది. రంగుల బొమ్మలోని లావాటి మనిషిని నేనే అయ్యాను.

అయితే ఏం లాభం? నోట్లో ఉండేది ఆమె ఉగ్గాని, నోటి నుంచి వచ్చేది ఆమె మాట. "అక్క చేతి తాలింపే తాలింపు" అని నా ముందే కూర్చుని అనేవాళ్లు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, పొరుగింటి పుల్లకూర నా ఇంట్లోనే కూర్చుని తింటుంటే ఎట్లా ఉంటుంది? నేను గెలిచానని అనుకోబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు బజ్జీ కొరికేవాళ్లు.

ఎండాకాలం వచ్చింది. నంద్యాల ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మేడం నాటిన మొక్క ఇంకా మోకాలెత్తే ఉంది. మూలన పొయ్యి మంట ఒకవైపు, సందులో నుంచి ఎండ ఒకవైపు. అక్క మొహం కమిలి, జాకెట్టు వీపున తడిసిపోయి ఉండేది. ఒక పొద్దున జనం నా చుట్టూ నిండుగా ఉన్నారు. నాకు నోరు ఊరుకోలేదు. అందరూ వినేటట్టు అన్నాను.

"ఏందక్కా, ఎండలో వేగిపోతాండావ్? మూల నీకు అచ్చిరాలేదే!"

అక్క గరిటె దించి నన్ను చూసింది. ఆమె మొహాన కోపం లేదు. ఒక ప్లేటులో ఉగ్గాని పెట్టుకుని, పైన రెండు బజ్జీలు పెట్టుకుని, మెల్లగా నా దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"మూల ఎండని నాకు తెలీదనుకున్నావా? ఇన్నేండ్లు బయట కూచున్నదాన్ని. ఎండలో పెడితే నీ బొట్టుబిళ్లల జిగురు కరుగుతాది, ప్లాస్టిక్ గాజులు వంకర పోతాయి. ఉగ్గానికి ఎండైతే ఏంది, నీడైతే ఏంది."

"మరి నడిమి భాగం నాకే ఇస్తానని చెప్పొచ్చు గదా!"

"చెప్తే తీసుకుంటావా నువ్వు?" అంది. "నేనిస్తే నీకు వద్దు. నాదైతేనే కావాల. పెండ్లయి ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ చూస్తాండా కదమ్మే. అందుకే బాగుండేది నా పక్కకు గీసింది, నువ్వు గుంజుకుంటావనే."

ప్లేటు నా ఒళ్లో పెట్టి, "తిను, చల్లారిపోతాది" అని మూలకు వెళ్లిపోయింది. ఎవరో ఆమెను కేకేసి ఇంకో ప్లేటు అడిగారు. నాకు సిగ్గేసింది, కాదనను. అయితే సిగ్గు కంటే ముందు వచ్చింది కడుపుమంటే. ఇంత మంచితనం కూడా దీనికే ఉండాలా, నా గుణం కూడా ఇంతగా దీనికే తెలియాలా? జన్మలో ఒక్కసారి ఆమె మీద గెలిచాననుకున్నాను, ఆ గెలుపు కూడా ఆమె పెట్టిందే. నా చుట్టూ అంతమంది కూర్చుని ఉన్నారు, నా చేతిలో ఆమె ప్లేటు ఉంది, ఏడవటానికి కూడా చోటు లేక తిన్నాను.